సముద్రము లేని ద్వీపము

మరణదండనమును గూర్చి ప్రభుత్వములు ఎంతయో గంభీరముగా ఆలోచించునని మన విద్యావంతులు చెప్పుచుందురు. మేమడుగునది ఒక్కటే: ఎవరి మెడను గూర్చిన ఆలోచన?

బ్రిటిషు పార్లమెంటు 1965లో హత్యానేరమునకు ఉరిని తమ దీవిలో నిలిపివేసెను. ఆ చట్టము సముద్రము దాటలేదు. 1977లో బెర్ముడా వలసలో ఇరువురను ఉరితీసిరి. కరీబియను ప్రాంతపు వలసలైదింటిలో హత్యకు ఉరి తొలగుటకు 1991 రావలసి వచ్చినది. లండనులో అనాగరికమైన త్రాడు ఆ దీవులలో ఇరువదియాఱేండ్లు నాగరికమెట్లయ్యెను?

మన గోదావరి యొడ్డున ఈ రెండు నాలుకల న్యాయము క్రొత్తది కాదు. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. రేకపల్లి కొండలలో పోడుపన్ను మూడింతలైనది. కొన్ని అడవులలో పోడే కూడదనిరి. 1879లో రంప పితూరీ అచ్చటికిని ప్రాకినది. శ్రీరామనవమికి భద్రాద్రి పోయివచ్చు చదువరులలో రేకపల్లి పేరు విన్నవారెందఱు?

ఆ 1874లోనే షెడ్యూల్డు జిల్లాల చట్టము పుట్టినది. మన్యమున ఏ శాసనము చెల్లునో, ఏది చెల్లదో నిర్ణయించుట ప్రభుత్వము వంతు. మైదానమునకొక న్యాయము, ఏజెన్సీకొకటి. సముద్రము లేకున్నను అది ద్వీపమే.

కొండవారిని అదుపున నుంచుటకు ప్రాణభయము కావలెననువారు నేటికిని కలరు. 1879 పితూరీని సైన్యముతో అణచిరి. భయమునకు కొఱత చేయలేదు. అదియే మందైనచో, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడి యేల జరిగెను? ఆ దాడి నడపిన అల్లూరి సీతారామరాజును 1924 మే 7న పట్టుకొని, ఏ న్యాయస్థానము ముందును నిలుపక, కొయ్యూరు వద్ద కాల్చి చంపిరి. ఆలోచనకు ఒక పూటయు పట్టలేదు.

ఆయన అనుచరుడు గాము మల్లుదొరకు మాత్రము విచారణ దొరకినది. మరణదండన విధించి, పిదప దానిని యావజ్జీవ ప్రవాసముగా మార్చిరి. ప్రాణముతో మిగిలిన ఆ మనుష్యుడే 1952లో విశాఖపట్టణమునుండి ప్రథమ లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఉరి అమలైయున్నచో తప్పును దిద్దుటకు ఏ సభకును అవకాశముండెడిది కాదు.

దొరల 1860 నాటి శిక్షాస్మృతి పోయినది. 2024 జూలై 1నుండి భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చినది. పేరు మాఱినది, ఉరి మిగిలినది. ఇకముందు దానిని సమర్థింప లేచు సభ్యులు, లేచుటకు ముందు, 1952 నాటి సభ్యుల పట్టికలో మల్లుదొర పేరున్న వరుసను బిగ్గరగా చదువవలెనని మా కోరిక.