బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

సూరత్‌లోని కతర్‌గామ్ అంటే వజ్రాలు సానబట్టే కార్ఖానాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, పవర్‌లూమ్ షెడ్లు. అక్కడ పనిచేసే ఒక తెలుగు వలస కార్మికుడిని ఊహించుకుందాం. నలుగురితో కలిసి అద్దె గదిలో ఉంటాడు. పనికి తగ్గ కూలి, పని లేకపోతే కూలి లేదు. షెడ్డులో సరుకు పోయిందని యజమాని ఫిర్యాదు చేస్తాడు. పోలీసులు ఇతన్ని తీసుకెళ్తారు. మేజిస్ట్రేటు రిమాండు విధిస్తే లాజ్‌పోర్ జైలుకు పంపుతారు. కొన్నాళ్లకు బెయిలు వస్తుంది. ఊళ్లో భార్యకు ఫోను వెళ్తుంది. ఆమె ఊపిరి పీల్చుకుంటుంది.

కానీ మనిషి రాడు. బెయిలు ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది: సొంత బాండుతో పాటు అంతే మొత్తానికి ఒక స్థానిక జామీనుదారు కావాలి. అంటే సూరత్‌లో ఆస్తి ఉన్నవాడు, ఇంటి పన్ను రసీదు చూపగలవాడు, అవసరమైతే మామలతదార్ కచేరీ నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ తేగలవాడు. గదిలో ఉన్న ఆ నలుగురికీ అక్కడ సెంటు భూమి లేదు. ఆస్తి ఉన్నవాడు ఒక్కడే తెలుసు. కేసు పెట్టింది ఆ యజమానే.

ఇది ఒక మనిషి కథ కాదు. వలసపోయిన పేదవాడు అరెస్టయితే ఎక్కడైనా జరిగేది ఇదే. నేను చెప్పదలచింది ఒక్కటే. స్థానిక జామీను అనేది చట్టం పెట్టిన షరతు కాదు, కోర్టులు అలవాటుగా పెట్టే షరతు. భూమి లేని కులాలను, ఊరు విడిచిన మనుషులను బెయిలు వచ్చాక కూడా జైల్లో ఉంచేది ఆ అలవాటే.

ముందు క్రమం చూద్దాం. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 58వ సెక్షన్. ఆరోపించిన నేరం బెయిలబుల్ అయితే బెయిలు హక్కు, అడిగి పుచ్చుకునే దయ కాదు. అలాంటి కేసులో అరెస్టయిన వారం లోపు జామీను తేలేకపోయినవాడిని నిరుపేదగా భావించి సొంత బాండు మీదే వదలాలని 478వ సెక్షన్ చెబుతోంది. నాన్ బెయిలబుల్ అయితే నిర్ణయం కోర్టు విచక్షణ. అయినా 60 లేదా 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే 187వ సెక్షన్ కింద బెయిలు అడిగే హక్కు పుడుతుంది. ఏ కేసులోనైనా బాండు మొత్తం పరిస్థితులకు తగ్గట్టు ఉండాలి, మితిమీరకూడదు అంటుంది 484వ సెక్షన్. జామీను బదులు కొంత నగదు జమ చేయించుకోవడానికి 490వ సెక్షన్ దారి ఇస్తోంది. వీటిలో ఎక్కడా జామీనుదారు అదే జిల్లావాడై ఉండాలన్న మాట లేదు.

ఈ ప్రశ్న కొత్తదీ కాదు. 1978లో మోతీరాం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మోతీరాం మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టే బెయిలు ఇచ్చినా కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగాడు. తమ్ముడో అన్నో జామీనుకు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిన ప్రశ్న మన గురించే: ఆంధ్రుడో, మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో ఎక్కడో దూర ప్రాంతంలో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడు? ఇలాంటి ప్రాంతీయ పట్టింపులు దేశ ఐక్యతనే దెబ్బతీస్తాయని హెచ్చరించి, 1,000 రూపాయల సొంత బాండు మీద ఆ మేస్త్రీని విడుదల చేయమన్నాడు.

నలభై ఐదేళ్లు గడిచాయి. 2023 జనవరి 31న అదే సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బెయిలు ఉత్తర్వును ఈమెయిల్‌లో జైలుకు పంపాలని, ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని, నెలలోపు బాండ్లు సమర్పించలేకపోతే కోర్టే స్వయంగా షరతుల సడలింపును పరిశీలించవచ్చని చెప్పింది. విడుదల ఆలస్యానికి స్థానిక జామీను ఒక కారణమని ఒప్పుకుని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని సూచించింది. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులోనూ, ఇచ్చిన బెయిలును మోయలేని షరతులతో వెనక్కి లాక్కోవడం తగదని చెప్పింది. ఒకే మాటను అత్యున్నత న్యాయస్థానం అర్ధ శతాబ్దం పాటు చెబుతూనే ఉందంటే, కింద వినేవాళ్లు లేరనే అర్థం. 2023 నాటి మాట కూడా ఆదేశంగా కాక సూచనగానే మిగిలింది.

ఎందుకు వినరు? ఎందుకంటే ఈ అలవాటు నష్టపరిచేది ఎవరినో అందరికీ తెలుసు. మన దేశ జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వారిలో సుమారు ఐదో వంతు షెడ్యూల్డ్ కులాలవాళ్లు. ఇది జనాభాలో వారి వాటా కంటే ఎక్కువ. జామీను అంటే ఆస్తి. ఈ దేశంలో ఆస్తి ఎవరి చేతుల్లో ఉండాలో తరతరాలుగా నిర్ణయించింది కులం. మాలమాదిగలకు భూమి ఎందుకు లేదో, చేనేత కులాలు మగ్గం వదిలి సూరత్ రైలు ఎందుకు ఎక్కాయో చరిత్ర విద్యార్థులకు చెప్పక్కర్లేదు. కోర్టు పత్రంలో కులం కాలమ్ లేకపోవచ్చు. ఆస్తి కాలమ్ ఉంది. అది చాలు. లోపలికి వెళ్లాక కూడా కులం వదలదు. ఏ కులంవాడు వంట చేయాలో, ఏ కులంవాడు పాకీపని చేయాలో చెప్పే జైలు నియమాలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న మాత్రమే.

భాష సంగతి చూడండి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. అంటే ఆ నగరంలో మన వాళ్లు ఉన్నారని ప్రభుత్వానికి తెలుసు. మరి బిడ్డకు తెలుగులో పాఠం చెప్పే వ్యవస్థ తండ్రికి అతని మీద మోపిన నేరమేమిటో తెలుగులో ఎందుకు చెప్పదు? ఇంగ్లీషు రాని మనిషికి నిర్బంధ కారణాలను ఇంగ్లీషు కాగితం మీద ఇస్తే ఇచ్చినట్టు కాదని 1962లోనే హరికిషన్ కేసులో తీర్పు వచ్చింది. అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, అరెస్టు సమయంలో వీలుకాకపోతే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరు 6న మిహిర్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విచారణలో సాక్ష్యం నిందితుడికి అర్థం కాని భాషలో ఉంటే అనువదించి చెప్పాలని బీఎన్ఎస్ఎస్ 314వ సెక్షన్ అంటోంది.

ఈ హక్కుల మూలం దగ్గర అంబేద్కర్ ఉన్నారు. 1949 సెప్టెంబరు 15న రాజ్యాంగ సభలో నేటి 22వ అధికరణను ప్రతిపాదించింది ఆయనే. 21వ అధికరణలో 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాటతో పార్లమెంటుకు మితిమీరిన స్వేచ్ఛ ఇచ్చామన్న అసంతృప్తి అప్పటికే ఉంది. దానికి పరిహారంగానే దీన్ని తెస్తున్నామని ఆయన దాచకుండా చెప్పారు. అరెస్టు కారణం చెప్పడం, వకీలును కలవనివ్వడం, 24 గంటల నియమం, ఇవి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అంతకుముందూ ఉన్నవే. మెజారిటీ చేతిలో చెరిగిపోకుండా వాటిని రాజ్యాంగంలోకి ఎక్కించారు. ప్రొసీజర్ అంటే గుమాస్తాల వ్యవహారం కాదు, బలహీనుడికి ఉన్న ఏకైక రక్షణ అని ఆయనకు తెలుసు.

'వలస కార్మికుడు పారిపోతే ఎవరిది బాధ్యత?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంటి పన్ను రసీదు మనిషిని పట్టి ఉంచదు. ఆస్తీ పాస్‌పోర్టూ ఉన్నవాడికే పారిపోవడం తేలిక. కార్మికుడిని పట్టి ఉంచేది అతని పని, గది, బడికి వెళ్లే పిల్లలు. సొంత బాండు, ఆధార్ నకలు, స్వగ్రామంలోని బంధువు జామీను, వారానికోసారి స్టేషన్‌లో సంతకం సరిపోవా? ఇదే సూరత్‌లో 2023 మార్చి 23న పరువునష్టం కేసులో రాహుల్ గాంధీకి రెండేళ్ల శిక్ష పడింది. అప్పీలు చేసుకోవడానికి శిక్షను 30 రోజులు నిలిపి అదే రోజు బెయిలు ఇచ్చారు. అది సరైన పనే. శిక్ష పడినవాడికి ఒక్క రోజులో దొరికింది, నేరం రుజువు కాని కార్మికుడికి నెలలు గడిచినా దొరకకపోవడమే నా అభ్యంతరం.

మన వైపు నుంచే ఇంకో ప్రశ్న వస్తుంది. చుండూరు హంతకుల బెయిళ్లను వ్యతిరేకించిన మనం ఇప్పుడు బెయిళ్లు సులభం చేయమంటామా? ఈ రెండూ వేరు. బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది నేర తీవ్రత, సాక్షుల భద్రత చూసి తేల్చాలి. అట్రాసిటీ కేసుల్లో బెయిలు విచారణ సమయంలో బాధితుల మాట వినాలని 15ఏ సెక్షన్ ఉంది. దాన్ని గట్టిగా వాడాలి. కానీ ఇవ్వాలని కోర్టు నిర్ణయించాక దానికి ఆస్తి ధర కట్టడం వల్ల ఏ భూస్వామీ లోపల ఉండడు. అతని జేబులో పట్టా ఉంటుంది. లోపల ఉండిపోయేది కూలివాడే. ఎంతకాలం? కొన్నిసార్లు నేరం ఒప్పుకుంటే ఈరోజే వదిలేస్తారన్న మాటకు లొంగేంతకాలం. చేయని దొంగతనాన్ని ఒప్పుకుని బయటపడినవాడు జన్మంతా దొంగగానే మిగులుతాడు.

చేయగలిగింది ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు హక్కు అని 1987 న్యాయసేవాధికార చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఫోను నంబరు 15100. మేజిస్ట్రేటు పెట్టిన షరతును సడలించమని 483వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టును గానీ హైకోర్టును గానీ అడగవచ్చు. జామీను కట్టలేని పేద విచారణ ఖైదీలకు ఆర్థిక సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. న్యాయ విద్యార్థులారా, మీ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ పోస్టర్ల పోటీలతో సరిపెట్టుకోకుండా, సూరత్, భివండీ, ముంబయిలలో అరెస్టయిన తెలుగువాళ్ల కాగితాలు చదివి, తర్జుమా చేసి, సడలింపు దరఖాస్తులు రాసే పని ఎత్తుకోవాలి. పరిశోధకులు సమాచార హక్కు కింద ఒక్క లెక్క అడగాలి: బెయిలు వచ్చి నెల దాటినా మీ జైలులో ఎంతమంది ఉన్నారు, వాళ్ల కులమేమిటి, సొంత రాష్ట్రమేమిటి?

ఇక కోర్టులను అడగాల్సింది ఒక్కటే. స్థానిక జామీను కావాలనుకుంటే, ఈ మనిషి విషయంలో అది ఎందుకు అవసరమో ఉత్తర్వులో కారణం రాయాలి. రాయడానికి కారణం లేకపోతే ఆ షరతు పెట్టకూడదు. ఊళ్లో ఫోను పట్టుకుని ఎదురుచూస్తున్న ఆమెకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. బెయిలు వచ్చిందన్నారు, మరి మనిషేడీ?