పొరుగు దుకాణానికి ఒక మంచిమాట

వ్యాపారంలో పరపతి అన్న మాటకు రెండు అర్థాలు చెబుతారు. ఒకటి, అడిగిన చోట సరకు అప్పుగా దొరకడం. రెండవది, నలుగురిలో పేరు నిలవడం. కాస్త ఆలోచిస్తే ఈ రెండూ ఒకటే. పేరు నిలిచినవారికే సరకు అప్పు పుడుతుంది. పూర్వం ఈ పేరు సంతలో, టీ దుకాణం బల్లమీద, పెళ్లిపందిట్లో, జుమా నమాజు ముగిసి బయటికి వచ్చేటప్పుడు మసీదు మెట్ల దగ్గర నోటిమాటగా తయారయ్యేది. నేడు అది సెల్‌ఫోన్ తెరమీద ఐదు నక్షత్రాల వరుసగా, నాలుగు పంక్తుల అభిప్రాయంగా తయారవుతున్నది. దీనినే అందరూ రివ్యూ అంటున్నారు.

మన చిరువ్యాపారులు ఈ మార్పును గమనించకపోలేదు. టైలరు దుకాణంలో, మొబైల్ రిపేరు కొట్టులో, బిర్యానీ హోటలు గల్లాపెట్టె పక్కన ‘మాకు రివ్యూ ఇవ్వండి’ అన్న అట్ట ఒకటి కనిపిస్తున్నది. మంచిదే. అయితే ఆ అట్ట పెట్టిన యజమానిని, ‘అయ్యా, మీరు ఎన్ని దుకాణాలకు రివ్యూ రాశారు?’ అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. అడగడం నేర్చుకున్నాము, రాయడం నేర్చుకోలేదు. ఇతరుల వ్యాపారం గురించి నిజాయితీగా నాలుగు మాటలు రాసే వ్యాపారి తన వ్యాపారానికే మేలు చేసుకుంటాడని నా అభిప్రాయం. అది మనబోటి వారికి మరింత అవసరమని కూడా నా అభిప్రాయం.

ఎందుకు మరింత అవసరం? ముస్లిం కుటుంబాలలో జీతం మీద బతికేవారికంటే సొంత పని మీద బతికేవారు ఎక్కువ. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం పట్టణాలలోని ముస్లిం కార్మికులలో సుమారు 57 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడినవారే. హిందువులలో ఆ నిష్పత్తి సుమారు 43 శాతం. మెకానిక్కు, వెల్డరు, దర్జీ, బేకరీవాడు, తోపుడుబండి మీద పండ్లమ్మే మనిషి, ఇంట్లో కూర్చొని మగ్గం పని చేసే స్త్రీ, వీరంతా ఈ లెక్కలోనివారు. వీరికి నెలజీతం లేదు, పింఛను లేదు, ప్రకటనలిచ్చే స్తోమతు లేదు. ఉన్న ఆస్తి పేరొక్కటే.

ఆ పేరు విలువ ఎంతో తెలిపే అధ్యయనం ఒకటి ఉన్నది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడు మైఖేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగర రెస్టారెంట్ల ఆదాయాన్ని పరిశీలించి 2011లో ఒక పత్రం వెలువరించారు. యెల్ప్ అనే రివ్యూల వేదికలో ఒక్క నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం వరకు పెరిగిందని అందులో తేల్చారు. ఇందులో మనం గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ లాభం సొంతంగా నడుపుకొనే రెస్టారెంట్లకే కలిగింది. దేశమంతటా శాఖలున్న పెద్ద సంస్థలపై రివ్యూల ప్రభావం కనిపించలేదు. కారణం స్పష్టమే. పెద్ద సంస్థ పేరు అందరికీ ముందే తెలుసు. చిన్న దుకాణం గురించి తెలియాలంటే అక్కడికి వెళ్లివచ్చినవారు చెప్పాలి. అంటే రివ్యూ బలహీనునికి ఎక్కువ బలమిస్తుంది.

మన దేశంలో చిన్న వ్యాపారికి, అందునా ముస్లిం వ్యాపారికి, మరొక చిక్కు ఉన్నది. అతని పని చూడకముందే పేరు చూసి తీర్పు చెప్పేవారు ఉన్నారు. 2024 జూలైలో ఉత్తరాదిన కావడి యాత్ర సాగే దారిలోని తినుబండారాల దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలని అధికారులు ఆదేశించారు. ఆ నెల 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో రాస్తే చాలునని, యజమానుల, పనివారి పేర్లు రాయమని బలవంతపెట్టరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆనాటి విచారణలో ధర్మాసనంపై ఉన్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి, మన మదనపల్లెకు చెందినవారు, తమ అనుభవం ఒకటి చెప్పారు. తాము కేరళలో పనిచేసిన కాలంలో ఒక ఊరిలో హిందువు నడిపే శాకాహార హోటలు, ముస్లిం నడిపే శాకాహార హోటలు రెండూ ఉండేవని, తాము వెళ్లేది ముస్లిం నడిపే హోటలుకేనని, దుబాయి నుంచి తిరిగివచ్చిన ఆ యజమాని శుభ్రత విషయంలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటించేవాడని వారు అన్నారు.

ఆయన ఊరి పేరు చెప్పలేదు, హోటలు పేరు చెప్పలేదు. అయినా ఆ నాలుగు మాటలు దేశమంతటా వార్తలకెక్కాయి. రివ్యూ అంటే ఇదే. బోర్డుమీది పేరు యజమాని ఎవరో చెబుతుంది. తిన్నవారి సాక్ష్యం వంట ఎలా ఉన్నదో చెబుతుంది. మొదటిదానితో పుట్టే అపోహకు రెండవదే విరుగుడు. అటువంటి సాక్ష్యం మన దుకాణాలకు కావాలని కోరుకుంటున్నాము. సంతోషం. మరి మనం ఎందరికి ఆ సాక్ష్యం ఇచ్చాము? ఎవరి దుకాణానికి వారే రివ్యూ రాసుకోకూడదు గదా. అందరూ ఎదురుచూస్తూ కూర్చుంటే మొదలుపెట్టేవారెవరు?

ఇక రాసినవారికి కలిగే లాభం ఏమిటో చూద్దాం.

మొదటిది, రాసినవారి ఉనికి తెలియడం. ఒక బేకరీ యజమాని తాను కొన్న ఓవెన్ గురించి, ‘మా ఊళ్లో పన్నెండేళ్లుగా బేకరీ నడుపుతున్నాను. ఈ ఓవెన్‌లో బిస్కెట్లు నాలుగు మూలలా ఒకేలా కాలుతున్నాయి. మరమ్మతుకు పిలిచిన మర్నాడే మనిషి వచ్చాడు’ అని రాశాడనుకోండి. ఓవెన్ కొనదలచినవాడికి అది ఉపయోగం. ఆ ఊళ్లో అనుభవమున్న బేకరీ ఒకటి ఉన్నదని కూడా అతనికి తెలిసిపోతుంది. యంత్రాలు అమ్మే సంస్థలు ఇటువంటి అభిప్రాయాలను దుకాణం పేరు, ఊరు సహా తమ కరపత్రాలలో, వెబ్‌సైట్లలో వేసుకుంటాయి. పైసా ఖర్చులేని ప్రచారమది. అయితే ఆ వంకతో తన ఫోన్ నంబరు ఇరికించడం, తన సరకు గొప్పలు చెప్పుకోవడం పనికిరాదు. గూగుల్ నియమాలు అటువంటి సొంత ప్రకటనలను అనుమతించవు, రాసింది తొలగించవచ్చు.

రెండవది, సరకు ఇచ్చేవారితో సంబంధం గట్టిపడటం. హైదరాబాదు బేగంబజారులో గాని, విజయవాడ వన్‌టౌన్‌లో గాని హోల్‌సేలు వ్యాపారి రోజుకు ఎందరో చిల్లర వ్యాపారులను చూస్తాడు. బేరమాడేవారు, బాకీ పెట్టేవారు, గొణిగేవారు అతనికి కొత్త కాదు. తన గుమాస్తా లెక్క తప్పు చేస్తే మర్నాడే సరిదిద్దాడని, తూకం సరిగా ఉన్నదని పదిమంది చదివేలా రాసిన మనిషి మాత్రం అతనికి గుర్తుండిపోతాడు. ధర తగ్గించకపోవచ్చు, సరకు కొరత వచ్చినప్పుడు ముందుగా ఫోన్ చేసేది ఆ మనిషికే.

మా పేటలో మగ్గం పని చేసే సోదరి ఒకరున్నారు. జరీ, పూసలు ఒకే కొట్టులో ఏళ్లుగా కొంటున్నారు. ఆ కొట్టుకు రివ్యూ రాద్దామని నేను అంటే, ‘నాకేం రాయడం వస్తుంది చాచా?’ అన్నారు. ‘జాకెట్టు ఉతికిన తరువాత ఏమైందో అదే రాయి బేటీ’ అన్నాను. రంగు దిగలేదని, ఒకసారి పూసలు తక్కువ వస్తే మాట్లాడకుండా ఇచ్చారని, తాను పదేళ్లుగా పెళ్లి జాకెట్లకు పని చేస్తున్నానని మూడు వాక్యాలు చెప్పారు. మేనల్లుడు ఫోన్‌లో ఎక్కించాడు. కొన్నాళ్లకు అదే కొట్టుకు వచ్చిన బొటిక్ యజమానురాలు ఆ రివ్యూ చదివి, ఈ పనివారు ఎవరని కొట్టువారినే అడిగి కబురు చేశారు. ఒక్క సంఘటనతో సిద్ధాంతం కట్టనవసరం లేదు. కానీ బోర్డులేని, దుకాణంలేని ఇంటిపనివారికి పేరు బయటికి వచ్చే దారులు ఎన్ని ఉన్నాయి? ఉన్నవాటిలో ఇదొకటి.

మూడవది, సొంత పని మెరుగుపడటం. ముప్పైయేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లమీద నోట్ రాసినవాణ్ని. నోట్ రాయాలంటే కాగితాలన్నీ చదవాలి, తేదీలు చూడాలి, ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. రివ్యూ కూడా అంతే. మరొకరి దుకాణంలో మనకు ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అని కాగితంమీద పెట్టబోతే, అది మన దుకాణంలో ఉన్నదా అన్న ప్రశ్న తప్పదు. చెప్పిన రోజుకు కుట్టి ఇచ్చాడని తోటి దర్జీని మెచ్చుకుంటూ రాసిన మనిషి, మర్నాడు తన ఖాతాదారుకు ‘రేపు రండి’ అని చెప్పడానికి సందేహిస్తాడు. ఫైలులో నోట్ చూసి రాసినవారి గుణం కనిపెట్టే అధికారులు ఉండేవారు. రివ్యూ చదివేవారూ అంతే. దూషణతో నిండిన రివ్యూ చూసి, రాసిన మనిషి దగ్గరకు పనికి వెళ్లడానికి వెనుకాడతారు.

నాలుగవది, బజారు మొత్తానికి కలిగే మేలు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట లారీ ఒక్కరి చేతిలో బాగుపడదు. బాడీ కట్టేవారు, లేత్ పనివారు, టింకరింగు, పెయింటింగు, ఎలక్ట్రికల్ పనివారు, అందరి చేయీ పడాలి. అక్కడ ఒకరిని గురించి మరొకరు రాసే మాటకు, దారిన పోయేవారి మాటకంటే విలువ ఎక్కువ. ఎందుకంటే పని తెలిసినవారు చెప్పిన మాట అది. హైదరాబాదు హలీం చరిత్ర కూడా ఇదే పాఠం చెబుతుంది. రంజాను నెలలో ఒకరితో ఒకరు పోటీపడే తయారీదారులే సంఘంగా కలిసి, తమ వంటకం ప్రత్యేకతను నిరూపించి 2010లో భౌగోళిక గుర్తింపు సంపాదించారు. ఎవరి డేగు వారిదే. పేరు మాత్రం అందరిదీ అయింది.

ఇంత చెప్పిన తరువాత హెచ్చరిక కూడా చెప్పాలి. రివ్యూ సాక్ష్యం వంటిది. అబద్ధపు సాక్ష్యం ఎంత చెడ్డదో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. డబ్బు తీసుకొని రాయడం, కొనని సరకును పొగడటం, ‘నీవు నాకు ఐదు నక్షత్రాలివ్వు, నేను నీకిస్తాను’ అన్న ఒప్పందం, పోటీదారుని దెబ్బతీయడానికి మారుపేరుతో చెడు రాయడం, ఇవన్నీ మోసాలే. భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకోసం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం రూపొందించింది. అది 2022 నవంబరు 25 నుంచి అమలులోకి వచ్చింది. రివ్యూ రాసినవారు నిజమైనవారో కాదో వేదికలు సరిచూడాలని, మంచిచెడ్డల ఎంపికలో పక్షపాతం చూపరాదని దాని సారాంశం. అమలులోకి వచ్చినప్పుడు అది స్వచ్ఛందమే. అదే ఏడాది జూన్‌లో వెలువడిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు, ప్రకటనలలో సిఫారసు చేసేవారికి వ్యాపారితో సంబంధముంటే దానిని వెల్లడించాలంటున్నాయి. చట్టం సంగతి అటుంచి, మనమే ఒక కట్టుబాటు పెట్టుకుందాం. దుకాణం బావమరిదిదైతే ఆ మాట రాయాలి. లోపముంటే మర్యాదగా రాయాలి. సరిదిద్దితే ఆ సంగతీ చేర్చాలి.

రెండు సందేహాలు తరచుగా వింటుంటాను. ‘ఎదుటివారిని పెంచితే మన గిరాకీ పోదా?’ అన్నది మొదటిది. పోటీదారునితో మొదలుపెట్టమని ఎవరూ అనడం లేదు. మీకు సరకు ఇచ్చేవారు, సరకు చేరవేసే ట్రాన్స్‌పోర్టువారు, యంత్రం బాగుచేసేవారు, పక్కన టీ అమ్మేవారు, వీరెవరూ మీ గిరాకీ లాక్కోరు. ‘మనవాళ్లకు మాత్రమే రాద్దామా?’ అన్నది రెండవది. దీనికి నా సమాధానం కచ్చితంగా వద్దనే. 2022లో కర్ణాటకలో జాతరల దగ్గర ముస్లిం వ్యాపారులను దుకాణాలు పెట్టుకోనివ్వనప్పుడు మనకు బాధ కలిగింది. మతం చూసి కొనుగోలు చేయడం తప్పని మనం అంటున్నాము. మతం చూసి మెచ్చుకోవడం కూడా తప్పే అవుతుంది. పైగా అది లాభం లేని పని. మనలో మనమే పొగుడుకుంటే వినేవారు మనమే. మన దగ్గర నూలు కొనే రెడ్డిగారికి, మనం పప్పు కొనే శెట్టిగారికి, మన షట్టరు బాగుచేసే క్రైస్తవ సోదరునికి ఉన్నదున్నట్టు మంచిమాట రాసినప్పుడే ఆ మాట పది ఇళ్లకు చేరుతుంది.

చదువు తక్కువన్న సంకోచం అక్కరలేదు. తెలుగులో రాయవచ్చు, ఉర్దూలో రాయవచ్చు. ఫోన్‌లో నోటితో చెప్పినా అక్షరాలవుతాయి. ఏమి కొన్నాం, ఎప్పుడు కొన్నాం, ఎలా పనిచేసింది, చిక్కు వస్తే ఏమి చేశారు, ఈ నాలుగు చాలు. స్త్రీలు ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు రాయకుండా జాగ్రత్తపడాలి.

ఈ నెలలో ప్రతి వ్యాపారి మూడు రివ్యూలు రాయాలని నా విన్నపం: ఒకటి సరకు ఇచ్చేవారికి, ఒకటి పక్క దుకాణానికి, ఒకటి పరమతస్థుల దుకాణానికి. యువజన సంఘాలవారు ఆదివారం ఒక గంట కేటాయించి పెద్దవారి చేత చెప్పించి ఎక్కించాలి. మన గురించి న్యాయంగా మాట్లాడమని లోకాన్ని అడిగే హక్కు మనకున్నది. ఇతరుల గురించి న్యాయంగా రాసినవారు అడిగినప్పుడు ఆ హక్కుకు బలం ఎక్కువ.