చేవెళ్ల చెల్లెళ్ల వాటా ఎక్కడ?

చెల్లెలి ఒడిలో బియ్యం పోసిన చేత్తోనే ఆమె భూమి గుంజుకునే అన్నలారా, ఇది మీ కోసమే రాస్తున్నాను. కోపమొస్తే రానీయండి.

"ఆడామగా సమానమనే మాట అమెరికావాళ్లకు, యూరపువాళ్లకు. మన సంస్కృతి వేరు" అంటారు అరుగు మీది పెద్దమనుషులు. అబద్ధం! ఆ యూరప్‌లోనే స్విట్జర్లాండ్ మగవాళ్లు ఆడవాళ్లకు దేశస్థాయి ఓటు ఇచ్చింది 1971లో. అప్పటికి మన చేవెళ్ల కూలితల్లి దాదాపు ఇరవై ఏళ్లుగా ఓటు వేస్తోంది. ఊచకోతలో సగం చచ్చి లేచిన రువాండా 1999లోనే కూతురికి కొడుకుతో సమానంగా వారసత్వ హక్కు రాసింది. సంస్కృతి రక్తంలో ఉండదు. లాభం ఎటుంటే మగవాడు దాన్ని అటు వంచుతాడు.

మనకు చట్టం లేకనా? హిందూ ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతురికి సమాన వాటా ఎన్టీఆర్ ప్రభుత్వ సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది. 2005లో పార్లమెంటు పెళ్లయిన బిడ్డకూ ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మరి హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్‌లలో జరుగుతున్నదేమిటి? కూరగాయల మడుల్లో నడుం వంచి కలుపు తీసినంత కాలం బిడ్డ వాటా ఎవరికీ గుర్తులేదు. ఫామ్‌హౌస్‌లు వచ్చాయి, జంట జలాశయాల చుట్టూ కట్టడాలను అడ్డుకునే 111 జీవో ఆంక్షలు తీసేస్తూ 2022లో ఉత్తర్వు వచ్చింది, ఎకరం కోట్లు పలికింది. కొనేవాడి లాయరు ఆడపిల్లల సంతకాలు అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది చెల్లెలు. కారు పంపి, చీర పెట్టి, హక్కు వదులుకునే కాగితం ముందుకు తోస్తారు. జంకితే, తల్లిగారింటి గడప తొక్కొద్దంటారు.

వాటా లేని మనిషి సంతకం నీకెందుకురా?

"కట్నం ఇచ్చినం గద!" ఇచ్చింది ఆమెకా, అత్తగారింటికా? కట్నం 1961 నుంచీ నేరం. చేసిన నేరాన్ని చూపించి దోపిడీకి రసీదు అడుగుతున్నావు.

2000లో చేవెళ్ల ఎమ్మెల్యేగా గెలిచిన సబితా ఇంద్రారెడ్డి 2009లో ఉమ్మడి రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. "చేవెళ్ల చెల్లెమ్మ" అని వైఎస్ పిలిచిన పిలుపును ఈ ఊళ్లు గర్వంగా చెప్పుకుంటాయి. రాష్ట్ర పోలీసులను ఊరి చెల్లెమ్మ చేతిలో పెడితే ఒప్పుకున్నవాళ్లకు ఇంటి చెల్లెలికి పది గుంటలు రాయడానికి చెయ్యి రాదు!

అన్నిటికన్నా నాకు అసహ్యం డాలస్ అన్న. అక్కడ ఇంటి కాగితాల్లో భార్య పేరు తన పేరు పక్కనే రాయించినవాడు శంషాబాద్‌లో దిగగానే చెల్లెలి సంతకం కోసం తహసీల్దార్ ఆఫీసుకు పరుగెడతాడు. విమానం దిగేలోగా మారిపోయిందా సంస్కృతి?

అక్కలారా, చదవని కాగితం మీద పెన్ను పెట్టకండి. అలిగేవాడు అలుగుతాడు. పండుగకు వచ్చే చీర మీ పొలం ధర కాదు.

ఇళ్లు విడగొడుతున్నానని నన్ను తిడతావా అన్నా? తిట్టు. ముందు మీ అక్క పేరు పాసుబుక్కులో ఎక్కించి రా, వచ్చి తిట్టు.