అందరి పేర్లూ చదవండి

ఈసారి గోడపత్రికకి కవిత రాయమన్నారు. నాకు కవితలు రావు. మనసులో ఉన్న ఒక మాట రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

పోయిన జూన్‌లో మన థింసా జట్టుని అగనంపూడి వైపు ఒక కాలనీకి తీసుకెళ్ళారు, గుర్తుందా? పదో తరగతి పాసయిన పిల్లలకి అభినందన సభ. అతిథులకి ఎదురెళ్ళి ఆడటానికే గదా మనల్ని పిలుస్తారు, ఇదీ అంతేలే అనుకుని వెళ్ళాను. (అతిథి గారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఆ సంగతి వదిలేద్దాం.)

అది స్టీల్ ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ కాలనీ. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జరిగిన ఉద్యమం గురించి, అందులో పోయిన 32 ప్రాణాల గురించి మనం సోషల్ క్లాసులో విన్నాం. 1971లో ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు. కానీ ఆ ప్లాంటు కింద ఇళ్ళూ పొలాలూ పోయినవాళ్ళు ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. ఉద్యోగం కోసం వాళ్ళకి ఆర్ కార్డులు ఇచ్చారు. కార్డు ఉండీ ఉద్యోగం రానివాళ్ళు ఇంకా ఉన్నారు.

సభలో 570 మార్కులు వచ్చిన అమ్మాయినీ, 230 వచ్చిన అబ్బాయినీ ఒకే రకంగా పిలిచారు. పేరు, అమ్మ పేరు, నాన్న పేరు. ఏ షిఫ్టు దిగి డ్యూటీ బట్టలతోనే వచ్చిన ఒక నాన్న వెనకాల నిలబడి ఉన్నాడు. కొడుకు పేరు వినగానే చంకలో ఉన్న హెల్మెట్ మీద టకటకా కొట్టాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

రెండు పేర్లకి ఎవరూ లేవలేదు. మైకు దగ్గర ఉన్న పెద్దాయన అక్కడే ఆగిపోయారు. “ఈ గుంటలేరీ? ఇంటికెళ్ళి చూసి రండ్రా” అని పంపించారు. ఒకడు అమ్మమ్మ గారి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. రెండోవాడు మార్కులు తక్కువని సిగ్గుపడి ఇంట్లోనే కూర్చున్నాడు, వాణ్ణి తీసుకొచ్చారు. “అందరి పేర్లూ ఎందుకు చదివారు తాతగారూ?” అని అడిగాను. “జాబితాలో పేరు నేకపోతే ఏటవుద్దో మాకు తెలుసమ్మా” అన్నారు.

ఇప్పుడు మన సంగతి. మార్చిలో పరీక్షలు అవగానే పదో తరగతి అక్కలు ట్రంకుపెట్టెలు పట్టుకుని కొండెక్కేస్తారు. ఫలితాలు 2023లో మే 6న, 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న వచ్చాయి. ఎప్పుడొచ్చినా మనం జీడితోటల్లోనో, అడ్డాకుల కోసం అడవిలోనో ఉంటాం. టౌన్లో ఫ్లెక్సీలు కట్టేది ఆ రోజుల్లోనే.

మా ఊరి అక్క ఒకామె ఇంకో హాస్టల్లో చదివింది. మే నెలలో సంతకి దిగితే అక్కడ కట్టిన ఫ్లెక్సీలో ఆరుగురి ఫోటోలున్నాయి, తనది లేదు. ఫెయిలయిపోయాననుకుంది. మీకు నవ్వొస్తుందేమో. కానీ లెక్కల పరీక్ష రోజు నుంచే తనకి భయం. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే బండరాయి ఎక్కాలి. పైగా అడగడానికి సిగ్గు. టీసీకి కూడా వెళ్ళలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. దసరాకి ఎవరో ఫోనులో హాల్ టికెట్ నెంబరు కొట్టి చూస్తే పాసు! అప్పటికి ఇంటర్ అడ్మిషన్లు అయిపోయాయి, తను రొయ్యల కంపెనీలో చేరిపోయింది.

మా ఊరి పక్కనుంచే కిరండూల్ లైను వెళ్తుంది. బైలదిల్లా ఇనపరాయి విశాఖ పోర్టుకి వచ్చేది ఆ లైను మీదే. చిన్నప్పుడు వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్ళం. రైల్వేవాళ్ళూ లెక్కపెడతారు. ఒక్క వ్యాగను తగ్గితే ఊరుకుంటారా?

అందుకని నేను అడిగేది ఇదీ. మన అభినందన సభ వేసవిలో వద్దు. జూన్‌లో బడి తెరిచి, అక్కలు టీసీలకి వచ్చే రోజుల్లో పెట్టండి. పాసయిన అందరి పేర్లూ చదవండి, సప్లిమెంటరీలో పాసయినవాళ్ళవి కూడా. శాలువాలు, మెమెంటోలు అక్కర్లేదు. లేవని పేరు ఉంటే ఆ ఊరి పిల్ల మనలో ఎవరో ఒకరు ఉంటారు, వెంటనే కబురు పెట్టొచ్చు.

అందర్నీ పొగిడితే ఇంక చదివేదెవరు అని ఒక టీచర్ గారు అన్నారు. ఫస్టు వచ్చినవాళ్ళకి బహుమతి ఇవ్వండి, అందరికంటే గట్టిగా నేనే చప్పట్లు కొడతాను. కానీ మన కొర్రకొత్త పండగలో ఎవరి చేను ఎక్కువ పండిందని అడుగుతామా? అన్ని ఇళ్ళవాళ్ళూ తింటారు గదా.

మేడమ్ గారూ, ఈ ఏడు పదో తరగతిలో ఉన్నది మేమే. పేర్లు రాయడానికి రెండు పెద్ద చార్టులు, నల్ల స్కెచ్ పెన్ను ఒకటి ఇప్పించండి. ఊరి పేర్లతో సహా ఇప్పుడే రాసి పెడతాను. నా దస్తూరి బాగుంటుందని మీరే అన్నారు.

– పదో తరగతి, బి సెక్షన్