ఒకే బిల్లు, రెండు దారులు

2017 ఏప్రిల్ 16న తెలంగాణ శాసనసభ ఒకే బిల్లులో రెండు వర్గాలకు మాట ఇచ్చింది. గిరిజనుల రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి, వెనుకబడిన ముస్లింలది 4 నుంచి 12 శాతానికి పెరగాలి. బిల్లు కేంద్రానికి వెళ్ళింది, ఆమోదం రాలేదు. 2022 సెప్టెంబరు చివర్లో, మునుగోడు ఉప ఎన్నిక ముంగిట, గిరిజనుల భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వుతోనే అమలుచేసింది. మన భాగం ఢిల్లీలోనే ఉండిపోయింది.

గిరిజన సోదరులకు దక్కినది న్యాయమే. అందులో మాకు ఏ అభ్యంతరమూ లేదు. 50 శాతం పరిమితిని సాకుగా చూపేవారికి మాత్రం ఒక మాట: ఆ ఉత్తర్వు కూడా ఆ పరిమితిని దాటినదే. మతం పేరిట వచ్చే న్యాయ వివాదం అదనపు చిక్కు, నిజమే. కానీ అది 2014లో 12 శాతం వాగ్దానం చేసిన నాడూ ఉన్నదే.

మారినది ప్రత్యర్థి. నాడు టీఆర్ఎస్ ఎదుట నిలిచినది 4 శాతం ఇచ్చిన కాంగ్రెస్. దానికంటే పెద్ద మాట చెప్పక తప్పలేదు. 2019లో బీజేపీ తెలంగాణలో 4 లోక్‌సభ స్థానాలు, మరుసటి ఏడాది హైదరాబాద్ నగరపాలక సంస్థలో 48 డివిజన్లు గెలిచింది. ఆ తరువాత 12 శాతం ఊసు సభల్లో పలచబడింది. 2019లో పౌరసత్వ సవరణను పార్లమెంటులో ఆ పార్టీ వ్యతిరేకించిన మాట మేము మరువలేదు. అయితే ఢిల్లీలో కాదనడం ఒకటి, హైదరాబాదులో సంతకం చేయడం మరొకటి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే లెక్క. అధికారంలో ఉండి కేంద్రం అండ కోరుకున్న వైసీపీ 2019లో పౌరసత్వ సవరణకు ఓటు వేసింది. బీజేపీతో తెలుగుదేశం కూటమి కట్టాక, ప్రతిపక్షంలో కూర్చొని, 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో వక్ఫ్ సవరణను వ్యతిరేకించింది. 16 మంది సభ్యులున్న తెలుగుదేశం దాన్ని సమర్థించింది. 4 శాతాన్ని కాపాడతామన్న వాగ్దానం చేసినదీ ఆ పార్టీయే.

చిన్న పార్టీలు గాలివాటం చూస్తాయని నిందించి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. మన ఓటు ఎటూ తమదేనని ఒకరు, ఎన్నటికీ తమది కాదని మరొకరు తీర్మానించుకున్న నియోజకవర్గాల్లో మన కోసం పోటీ పడేదెవరు? ఇఫ్తార్ విందుకు వచ్చే నాయకులను ఈసారి రెండే అడుగుదాం: వక్ఫ్ సవరణపై మీ పార్టీ సభ్యులు ఎటు ఓటు వేశారు? 4 శాతం కేసులో న్యాయస్థానం ముందు మీరు ఏమి చెప్పబోతున్నారు? జవాబులను ఊరి మసీదు కమిటీలు తేదీతో సహా రాసిపెట్టుకోవాలి.