తీర్పు రాకముందే ‘శిక్ష’ అనవచ్చునా?

‘శిక్ష’ అన్న మాటకు సంస్కృతంలో ప్రధానార్థం అభ్యాసం, నేర్పు. వేదాంగాలు ఆరింటిలో ఒకదాని పేరు శిక్ష. హిందీలో నేటికీ శిక్ష అంటే విద్యే. ‘సర్వశిక్షా అభియాన్’ అన్న పథకం పేరు తెలుగు చెవికి అందరికీ దండన అన్నట్లు వినిపించడం ఇందువల్లనే. తెలుగులో నేర్పడానికి ‘శిక్షణ’ మిగిలింది. ‘శిక్ష’ దండనకు స్థిరపడింది. మన ఇళ్లలో వాడే ‘సజా’ పారసీక పదం. ఆ భాషలో దానికి తగినది, అర్హమైనది అన్న అర్థమూ ఉంది. ‘సజావార్’ అంటే అర్హుడు. ఒక మాటలో దిద్దుబాటు ఉంది, మరొక మాటలో అర్హత ఉంది. తప్పు రుజువు కానిదే దిద్దుబాటుకూ చోటు లేదు, అర్హతకూ చోటు లేదు.

అయితే మన నిత్య వ్యవహారంలో ఏమి జరుగుతున్నది? రిమాండులో ఉన్న యువకుణ్ణి గురించి ‘ఫలానా వారి అబ్బాయి రెండేళ్లుగా జైలుశిక్ష అనుభవిస్తున్నాడు’ అంటున్నాము. ఉర్దూలోనైతే ‘సజా కాట్ రహా హై’ అంటున్నాము. నిందితుణ్ణి నేరస్థుడని రాసిన పత్రికలపై ఆగ్రహించే మనమే, విచారణ ముగియని మన బిడ్డలకు మన నోటితోనే శిక్ష వేస్తున్నాము. ఆ మాట పెళ్లి సంబంధాల దాకా, అద్దె ఇంటి దాకా, దుకాణంలో కొలువు దాకా వెంట వస్తుంది.

ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు చూసినవారిగా మాకు ఈ భేదం కొత్త కాదు. 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమావళిలో సస్పెన్షనుకు ఒక నియమం, శిక్షలకు వేరొక నియమం ఉన్నాయి. సస్పెన్షను శిక్షల జాబితాలో లేదు. కనుకనే సస్పెండైన ఉద్యోగికి జీవనభృతి చెల్లిస్తారు. రిమాండు కూడా చట్టం దృష్టిలో శిక్ష కాదు. కాని రిమాండులో ఉన్న మెకానిక్కు ఇంటికి జీవనభృతి పంపేవారెవరు?

చట్టంలోని మరొక లెక్కను గమనించండి. దోషిగా తేలి జైలుశిక్ష పడినవాడికి, అంతకుముందు విచారణలో గడిపిన రోజులను ఆ శిక్షాకాలంలోంచి మినహాయిస్తారు. నిర్దోషిగా తేలినవాడికి ఆ రోజులను దేనిలోంచి మినహాయించాలి? తప్పు చేసినవాడి రోజులకు లెక్క ఉంది; చేయనివాడి రోజులకు లెక్క లేదు.

ఇది కొద్దిమంది బాధ కాదు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. 2011 జనగణనలో మన వాటా 14.2 శాతం; విచారణ ఖైదీలలో మన వాటా అంతకంటే ఎక్కువ. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పలువురు ముస్లిం యువకులు నిర్బంధానికి గురై, అనంతరం కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం బాధితులకు పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

2024 జూలై 1 నుండి ‘భారత శిక్షాస్మృతి’ స్థానంలో ‘భారతీయ న్యాయ సంహిత’ అమలులోకి వచ్చింది. చట్టం పేరులోంచి ‘శిక్ష’ తొలగి ‘న్యాయం’ వచ్చింది. విచారణ ఖైదీ జీవితంలో కూడా ఆ మార్పు రావాలన్నదే మా కోరిక.

అందుకు మనం చేయదగిన పనులున్నాయి. మొదటిది, తీర్పు వచ్చేవరకు ‘శిక్ష’, ‘సజా’ అన్న మాటలు వాడకుండా ‘విచారణలో ఉన్నాడు’ అనే అందాము. రెండవది, ఉద్యోగ దరఖాస్తులలో ‘కేసు పెండింగులో ఉన్నదా’, ‘శిక్ష పడినదా’ అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని పిల్లలకు తెలియజెప్పి, దేనికి దాని జవాబు నిజాయితీగా రాయిద్దాము. మూడవది, భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రతి మసీదు కమిటీకి తెలియాలి. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలు కానప్పుడు, వేరే కేసులు లేనప్పుడు, మొదటిసారి కేసులో చిక్కినవాడు ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షాకాలంలో మూడవ వంతు నిర్బంధంలో గడిపితే కోర్టు అతణ్ణి బాండుపై విడుదల చేయాలి. గతంలో శిక్ష పడినవారికి అది సగం. ఆ గడువు పూర్తికాగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. అరెస్టు తేదీని, సెక్షన్లను కాగితంపై రాసిపెట్టుకుని, గడువు ఎప్పటికి నిండుతుందో న్యాయవాదిని అడగడం కుటుంబం పని. చదువురాని తల్లిదండ్రులకు ఆ కాగితం రాసిపెట్టడం మనలో చదువుకున్నవారి పని.

సందేహం మిగిలినచోట శిక్షను నిలిపివేయాలన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రసిద్ధమైన సూత్రం. న్యాయమూర్తి కూడా ఆగవలసిన చోట మన నాలుక ముందుకు పోవడం తగదు.