చొక్కా విప్పిన హీరో, చొక్కా చిరిగిన కూలోడు

మా పల్లెలో టీ బంకు గోడ మీద ఒక పోస్టరు ఉంది. చొక్కా విప్పి నిలబడ్డ హీరో. పొట్ట మీద ఆరు పలకలు. ఆ పోస్టరు కిందనే బెంచీ మీద మిరపకోతల నుంచి వచ్చిన కూలోళ్ళు కూర్చుని టీ తాగుతారు. వాళ్ళలో ఒక పెద్దాయన చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. హీరో పొట్ట మీద కొవ్వు లేదు, ఆయన పొట్ట మీదా కొవ్వు లేదు. ఒకరి బొమ్మ గోడకెక్కింది. ఇంకొకరికి ఒంట్లో రక్తం లేదని ఆసుపత్రిలో చీటీ రాసిచ్చారు.

ఈ మధ్య టీవీల్లో, పేపర్లలో, చేతిలో సెల్‌ఫోన్లలో ఒకటే పాట. ఫలానా హీరో ఇరవై కిలోలు తగ్గాడంట. ఫలానా హీరోయిన్ నాజూగ్గా అయిందంట. పక్కపక్కనే రెండు ఫొటోలు: ముందు ఇట్లా, తర్వాత ఇట్లా. కింద ఒక నీతివాక్యం: పట్టుదల ఉంటే ఎవరైనా సాధించొచ్చు. ఇది చూసి మామూలు జనం స్ఫూర్తి పొంది ఆరోగ్యం బాగుచేసుకుంటారంట. మేము అడుగుతున్నాం: ఏ జనం? ఎవరి ఆరోగ్యం? ఎవరి ఖర్చుతో?

ఆ ఒళ్ళు ఎట్లా తయారవుద్ది?

2007లో 'దేశముదురు' సినిమాలో అల్లు అర్జున్ ఆరు పలకల ఒంటితో కనపడ్డాడు. అదే ఏడు హిందీ 'ఓం శాంతి ఓం'లో షారుఖ్ ఖాన్. 2012లో 'పూల రంగడు' కోసం మనల్ని నవ్వించే సునీల్ కూడా కండలు పెంచాడు. 2016లో 'దంగల్' కోసం ఆమిర్ ఖాన్ 97 కిలోల దాకా ఒళ్ళు పెంచి మళ్ళీ కరిగించాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. వీళ్ళు కష్టపడలేదని మేము అనం. పడ్డారు. అయితే ఆ కష్టానికి కూలి ఉంది. ఆ నెలల్లో ఒళ్ళు పెంచడమే వాళ్ళ పని. వ్యాయామం చేయించే మనిషి, తూకం వేసి వండే మనిషి, చూసుకునే డాక్టరు, ఒళ్ళు నొప్పులకు మర్దన, ఎనిమిది గంటల నిద్ర - ఇవన్నీ సినిమా ఖర్చులో భాగం.

ఈ నిజాన్ని దాచకుండా చెప్పిన నటుడు ఒకాయన ఉన్నాడు. 'ఎటర్నల్స్' అనే హాలీవుడ్ సినిమా కోసం కండలు పెంచిన కుమైల్ నంజియాని 2019లో ఫొటోతో పాటే ఈ ముక్క కూడా రాశాడు. పెద్ద స్టూడియో డబ్బుతో ఏడాది పాటు మంచి ట్రైనర్లు, తిండి నిపుణులు తన వెంట ఉండబట్టే అయిందని, లేకపోతే తన వల్ల అయ్యేది కాదని. మన హీరోల పక్కపక్క ఫొటోల కింద ఈ ముక్క ఎన్నిసార్లు చదివాం?

ఇంకో సంగతి. సూపర్‌మ్యాన్ వేషం వేసిన హెన్రీ కావిల్, చొక్కా విప్పే సీనుకు ముందు కొన్ని రోజులు నీళ్ళు తగ్గించుకుంటూ పోయి, చివరికి అసలు తాగకుండా ఉంటానని తానే చెప్పాడు. ఎందుకంటే చర్మం కింద నీరు తగ్గితే కండ తేలి కనపడుతుంది. అంటే గోడ మీద మనం చూసేది ఆరోగ్యం కాదు, దాహంతో ఎండిన ఒక పూట. మే నెల ఎండలో చెరువు పూడిక తీసేటప్పుడు మనోళ్ళు నీళ్ళు లేకుండా ఎన్ని పూటలు ఎండలేదు? మనం ఎండితే దాని పేరు వడదెబ్బ. వాళ్ళు ఎండితే దాని పేరు స్ఫూర్తి!

పని వేరు, వ్యాయామం వేరు

కొందరు పెద్దమనుషులు ఇంకో మాట అంటారు. "కూలోళ్ళకు జిమ్ముతో పనేంటి? పొలం పనే వాళ్ళకు వ్యాయామం గదా" అని. వినడానికి పొగిడినట్టే ఉంటుంది. ఇది కూడా మోసమే.

వ్యాయామంలో కండ మీద భారం పడి కొంచెం దెబ్బతింటుంది. తర్వాత విశ్రాంతిలో, నిద్రలో, మంచి తిండితో అది మళ్ళీ అతుక్కుని ముందుకంటే బలపడుతుంది. బలం వచ్చేది బరువు ఎత్తేటప్పుడు కాదు, ఎత్తి దించి తిని పడుకున్నాక. మరి పొద్దున ఆరింటికి నాట్లకు వంగిన అక్క ఎప్పుడు లేస్తుంది? సాయంత్రం లేచి, ఇంటికొచ్చి, నీళ్ళు మోసి, వంట చేసి, చివర మిగిలింది తిని పడుకుంటుంది. తెల్లారి మళ్ళీ అదే నడుం, అదే వంగుడు. భారం ఉంది, విశ్రాంతి లేదు. అరుగుదల ఉంది, పూడ్చే తిండి లేదు. నలభై ఏళ్ళకే మోకాళ్ళు పోతాయి. ఇది వ్యాయామం అయితే మన పల్లెలన్నీ పహిల్వాన్లతో నిండాలి గదా?

లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి. సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం చాలడం లేదు. వాళ్ళకు స్ఫూర్తి తక్కువై ఈ జబ్బు రాలేదు.

షుగరును ఒకప్పుడు దొరల జబ్బు అనేవాళ్ళం. ఇప్పుడు గూడెంలో ఇంటికొకరు. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. లావుగా లేనోడికి షుగరు ఎట్లా వచ్చిందని మనోళ్ళు ఆశ్చర్యపోతారు. పూణే దగ్గర పల్లెల్లో తల్లుల్ని, బిడ్డల్ని ఏళ్ళ తరబడి చూసిన డాక్టర్ యాజ్ఞిక్ బృందం చెప్పింది ఇది: తక్కువ బరువుతో పుట్టే మన బిడ్డల్లో కండ తక్కువ, లోపలి కొవ్వు పాలు ఎక్కువ. బయటికి బక్కగానే ఉంటారు, లోపల షుగరుకు దారి తయారవుతుంది. కడుపుతో ఉన్న తల్లికి తిండి చాలకపోతే ఆ అప్పు బిడ్డ పెద్దయ్యాక తీరుస్తాడన్నమాట. ఇందులో ఎవరి పట్టుదల లోపించింది? కడుపులో బిడ్డదా?

అందుకే మేము అంటున్నాం. పక్కపక్క ఫొటోల అసలు విషం అందులోని అందం కాదు, కింద రాసిన నీతివాక్యం. ఎవరైనా సాధించొచ్చు అంటే, సాధించనోడు సోమరి అని అర్థం. జబ్బు పడ్డోడే నేరస్తుడు అని అర్థం. కూలి రేటు, తిండి, ఆసుపత్రి, అన్నీ తప్పించుకుంటాయి. నువ్వే దొరుకుతావు. మనకు ఈ తీర్పు కొత్తా? చదువు చెప్పకుండా మొద్దులన్నారు. నీళ్ళు ఇవ్వకుండా మురికోళ్ళన్నారు. ఇప్పుడు తిండి లేకుండా చేసి, ఒళ్ళు చూసుకోవడం రాదంటున్నారు.

మన తిండి వాళ్ళ డైటు

జొన్న సంగటి, కొర్రన్నం, రాగి జావ మన తిండి. అది తిన్నందుకు మనల్ని తక్కువగా చూశారు. తెల్లన్నం పెద్దోళ్ళ తిండి అన్నారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం మన ఆకలి తీర్చింది, దాన్ని మేము తిట్టం. 2025 నుంచి తెలంగాణలో రేషన్‌లో సన్న బియ్యం ఇస్తున్నారు, తినండి, అది మన హక్కు. కానీ బియ్యంతో పాటు పప్పు రాలేదు, జొన్న రాలేదు. కంచం నిండా అన్నం, అంచున పచ్చడి. కడుపు నిండింది, ఒళ్ళు నిండలేదు.

ఈలోపు హీరోల డైటు చార్టులో జొన్నరొట్టె ఎక్కింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. కొర్రలకు సిరిధాన్యాలని పేరు పెట్టి, రంగు ప్యాకెట్లో వేసి, పండించే ఇల్లు కొనలేని ధరకు అమ్ముతున్నారు.

మాంసకృత్తుల సంగతీ అంతే. హీరోకు పూటకిన్ని గ్రాములని లెక్కకట్టి కోడి రొమ్ముమాంసం, గుడ్డు తెల్లసొన పెడతారు. మన పల్లెలో చవకగా దొరికే బలం పెద్దకూర. అది తిన్నందుకు అంటరానోళ్ళమన్నారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే గొడవలు చేశారు, కొట్టారు. హీరో తింటే ప్రోటీను, మనం తింటే పాపం!

తమ్ముళ్ళతో ఒక మాట

మా పల్లె తమ్ముళ్ళు మాతో వాదానికి దిగారు. "అన్నా, ఆ హీరోను చూసే నేను మందు మానేశా, పొద్దున్నే పరిగెత్తుతున్నా, తప్పేంటి?" అని ఒకడు. తప్పు లేదు తమ్ముడూ. నిన్ను మేము ఎగతాళి చెయ్యం. మందు మానిన ప్రతి తమ్ముడూ ఒక ఇంటికి వెలుగు. బొమ్మ చూసి కొందరు కదులుతారు, కాదనం. భయంతోనూ కదులుతారు. 2021 అక్టోబరులో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండె ఆగి పోయినప్పుడు బెంగళూరు గుండె ఆసుపత్రుల ముందు జనం పరీక్షలకు బారులు తీరారు. వ్యాయామానికి పేరు మోసిన మనిషే పోయాడని.

అయితే ఒక మాట చెప్పు. మొదలుపెట్టించడం వేరు, నిలబెట్టడం వేరు. నువ్వు పరిగెత్తేది ఎక్కడ? లారీలు తిరిగే రోడ్డు మీద. కోతల కాలం వస్తే ఎన్ని రోజులు పరిగెత్తగలవు? నీ చెల్లెలు, మీ అమ్మ పొద్దున్నే చీకట్లో నడవగలరా? పల్లె బయట దీపం లేదు. బొమ్మ నిన్ను ఒక్కణ్ణి లేపింది. ఇంట్లో మిగతావాళ్ళను ఎవరు లేపుతారు?

ఇంకొకడు మిరపకోతల డబ్బుతో ప్రోటీన్ పొడి డబ్బా కొన్నాడు. రెండువేల అయిదొందలు. మేము వాడి ముందే లెక్కేశాం. గుడ్డు ఏడు రూపాయలు వేసుకున్నా, ఇంట్లో అయిదుగురికి రోజుకు రెండేసి గుడ్లు నెలంతా పెడితే 2,100 రూపాయలు. ఒక్కడి డబ్బా ఖర్చులో ఇంటిల్లిపాదికీ నెల బలం, ఇంకా నాలుగొందలు మిగులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనే కండల కోసం ఈ పొడులు వాడొద్దని చెప్పింది. బొమ్మ చూపించేది ఒకరు, డబ్బా అమ్మేది ఒకరు, అప్పు తీర్చేది మీ అమ్మ. కండలు చూపించే హీరోలే కూల్‌డ్రింకు సీసా కూడా పట్టుకుంటారు. 300 మిల్లీలీటర్ల సీసాలో ముప్పై గ్రాములకు పైనే చక్కెర. ఏ చేతిని నమ్మాలి?

ఆడపిల్లల మీద ఈ బొమ్మల బరువు ఇంకా ఎక్కువ. 'నువ్వు నాకు నచ్చావ్' హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందే ఆమె ఒంట్లో కొవ్వు తీయించే ఆపరేషన్ చేయించుకుందని అప్పట్లో పేపర్లు రాశాయి. ఆమె చావుకు కారణం ఇదీ అని మేము తీర్పు చెప్పం. కానీ సన్నబడితేనే వేషం అనే చోట హీరోయిన్ ప్రాణానికే నిశ్చింత లేదు. ఆ చోటు మన ఆడపిల్లలకు ఆరోగ్యం నేర్పుతుందా?

ఆరోగ్యానికి ముందు కావాల్సింది టైము

బాబాసాహెబ్ అంబేడ్కర్ షుగరు జబ్బుతోనే రాజ్యాంగం పని నడిపించారు. 65 ఏళ్ళకే, 1956 డిసెంబరు 6న మనల్ని విడిచిపోయారు. ఆయనకు పట్టుదల తక్కువైందని ఎవడైనా అనగలడా? ఆయన కార్మిక శాఖ చూస్తున్నప్పుడే 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారం పనిని 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గించే బిల్లు తెచ్చారు. మనిషికి పని తర్వాత మిగిలే గంటే ఆరోగ్యానికి మొదటి మందు. 2025లో ఏమైంది? తెలంగాణ ప్రభుత్వం వ్యాపార సంస్థల్లో, ఆంధ్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనిని పది గంటలకు పెంచే దారి పట్టాయి. ఒక చేత్తో గంట లాక్కుని, ఇంకో చేత్తో వ్యాయామం చెయ్యమని చెబుతారు!

మరి స్ఫూర్తి ఎక్కడుంది? జహీరాబాద్ వెళ్ళండి. పస్తాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత అక్కలు, బీడు భూములు బాగుచేసి జొన్న, కొర్ర, పప్పులు కలిపి పండించారు. 1990ల మధ్యలో తమ సొంత జొన్నల రేషన్ పెట్టుకున్నారు. బీడు దున్నడానికి తీసుకున్న అప్పును గింజల్లో తీర్చి, ఆ గింజల్ని ఊళ్ళోనే నిలవచేసి, పనుల్లేని రోజుల్లో బీదోళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళెవరూ చొక్కా విప్పిన ఫొటో దిగలేదు. ఒక్క మనిషి ఒళ్ళు కాదు, ఊరి కంచం మార్చారు.

మన పల్లెల్లో ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ సబ్‌సెంటర్లో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోండి, మాత్రలు పీహెచ్‌సీలో అడిగి తీసుకోండి. బడిలో పిల్లల గుడ్డు పిల్లలకే అందుతుందో లేదో తల్లులు పోయి చూడండి. రేషన్‌లో కందిపప్పు, జొన్నలు కావాలని గ్రామసభలో తీర్మానం రాయించండి. పల్లెకు కబడ్డీ ఆడుకునే జాగా, నడిచే దారికి దీపాలు అడగండి. కూలి రేటు అడిగేటప్పుడే తాగే నీళ్ళు, నీడ, మధ్యాహ్నం గంట విశ్రాంతి కూడా అడగండి.

ఆ పోస్టరును చింపొద్దు తమ్ముళ్ళూ, అది మీ అభిమానం. దాని పక్కన ఒక కాగితం అంటించండి. పల్లెకు ఎఎన్ఎం వచ్చే రోజు, టైము పెద్దక్షరాల్లో రాయండి. రక్తం లేదని చీటీ తెచ్చుకున్న పెద్దాయన్ని ఆ రోజు చెయ్యి పట్టుకుని తీసుకుపోండి.